వీఆర్‌లో చల్లటి గ్లాసు చేతికి తగలాలంటే: వేడి, చల్లదనం, స్పర్శ తెలిపే చేతిపట్టీ తయారీ

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్లకూ చెవులకూ కావలసినంత దొరుకుతుంది. చేతికి మాత్రం ఏమీ దొరకదు. ఎదురుగా మజ్జిగ గ్లాసు కనిపిస్తుంది, చెయ్యి చాస్తే వేళ్లు గాల్లోంచి దూరిపోతాయి. ఈ లోటును కొంతవరకైనా తీర్చే చేతిపట్టీని ఇంట్లోనే ఎలా కట్టుకోవచ్చో ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదివే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినా, సోల్డరింగ్ చెయ్యగలిగిన ఎవరైనా దీన్ని చేసుకోవచ్చు. హెడ్‌సెట్ కాకుండా మూడు, నాలుగు వేల రూపాయల్లో అయిపోతుంది.

ఈ ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు పెద్ద పెల్టియర్ (కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడి, రెండో ముఖం వేడెక్కే బిళ్ల), పెద్ద కరెంటు, ఐసులాంటి చలి అంటూ బలం వెనక పడతారు. దాని అవసరం లేదు. చర్మం ప్రధానంగా పట్టుకునేది మార్పును. కొద్ది డిగ్రీల మార్పు చాలు, అది సరైన క్షణంలో సరైన వేగంతో రావాలి. కింద రాసిన ప్రతి అడుగూ ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

మొదటి అడుగు: చర్మం ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

మామూలుగా చేతి చర్మం 32 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. 30 నుంచి 36 దాకా ఉన్న పరిధిలో ఏదో ఒకచోట నిలకడగా ఉంచితే, కాసేపటికి చర్మం దానికి అలవాటుపడిపోయి వేడీ చల్లదనం రెండూ తెలియకుండా పోతాయి. అదే అరచేతిలో బొటనవేలి మొదట ఉండే కండ మీద చటుక్కున పావు డిగ్రీ మార్పు వచ్చినా మనిషి పసిగట్టగలడు. వేడి కంటే చల్లదనం ఇంకా త్వరగా తెలుస్తుంది, ఎందుకంటే చర్మంలో చలిని పట్టే చోట్లు వేడిని పట్టే చోట్ల కంటే చాలా ఎక్కువ. మార్పు సెకనుకు 0.1 డిగ్రీ కన్నా నెమ్మదయ్యేకొద్దీ మాత్రం దాన్ని పట్టుకోవడం కష్టమవుతుంది, నిమిషానికి అర డిగ్రీ కన్నా నెమ్మదైతే కొన్ని డిగ్రీలు జరిగిపోయేదాకా మనకు తెలియదు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతోనే ఒక మంచి కిటుకు చేస్తాం.

పైన 43 డిగ్రీల దగ్గర, కింద 15 డిగ్రీల దగ్గర నొప్పి మొదలవుతుంది. 43 దగ్గర స్పందించే గ్రాహకం పేరు టీఆర్‌పీవీ1. దాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, అదీ మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ సాయంతో. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసిన చేతులు మండేది ఈ గ్రాహకం వల్లే. అక్కడ నిజంగా వేడి లేదు, కానీ వేడికి తెరుచుకునే తలుపునే మిరప ఘాటు తెరుస్తుంది. పుదీనాలోని మెంథాల్ ఇలాగే చలి తలుపు టీఆర్‌పీఎం8ని తెరుస్తుంది. ఒత్తిడిని పట్టే పీజో గ్రాహకాలను ఆర్డెమ్ పటపూటియన్ కనిపెట్టారు. 2021 వైద్య నోబెల్ ఈ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అదే ఏడాది చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు క్యాప్సైసిన్, మెంథాల్ లాంటి ద్రవాలను చర్మం మీదికి పంపి వీఆర్‌లో వేడిని, చల్లదనాన్ని పుట్టించి చూపించారు. ఆసక్తికరమైన దారే, కానీ ఇంట్లో మిరప రసంతో ఈ ప్రయోగం చెయ్యొద్దు. ఒకసారి పూస్తే ఆపే స్విచ్ ఉండదు, ఆ చెయ్యి కంటికి తగిలిందంటే పెద్ద ఇబ్బంది. మనం కరెంటు దారిలోనే వెళ్దాం.

రెండో అడుగు: సీను ఎంచుకుని అంకెలు వేసుకోండి

చాలామంది చివరకు వదిలేసే ఈ పనిని ముందే చెయ్యాలి. ఏ వస్తువులు తాకించబోతున్నారో తెలియకుండా పట్టీ కడితే దేనికీ సరిపోదు. ఉదాహరణకు మూడు వస్తువులు తీసుకుందాం: స్టీలు గ్లాసు, ఉండవల్లి గుహల్లో కనిపించేలాంటి రాతి స్తంభం, కొండపల్లి బొమ్మ.

మూడూ ఒకే గదిలో 28 డిగ్రీల దగ్గర ఉన్నా, తాకితే స్టీలు చల్లగా, రాయి ఓ మోస్తరు చల్లగా, బొమ్మ దాదాపు ఏమీ తెలియకుండా ఉంటాయి. తాకగానే చర్మం నుంచి ఒక్కోటి వేడిని లాక్కునే జోరు వేరు. ఆ జోరును చెప్పే అంకెను థర్మల్ ఎఫ్యూజివిటీ అంటారు. చర్మానికి అది సుమారు 1,200, స్టెయిన్‌లెస్ స్టీలుకు 7,700, గట్టి రాయికి 2,200 దగ్గర. కొండపల్లి బొమ్మకు వాడే తెల్ల పొణికి బాగా తేలిక చెక్క కాబట్టి లెక్క కోసం 300 వేసుకోండి.

తాకిన క్షణంలో మధ్యలో ఏర్పడే ఉష్ణోగ్రత కావాలంటే, చర్మం ఉష్ణోగ్రతను దాని అంకెతోనూ వస్తువు ఉష్ణోగ్రతను దాని అంకెతోనూ గుణించి, రెండూ కలిపి, ఆ రెండు అంకెల మొత్తంతో భాగించండి. చర్మం 34, గది 28 అయితే స్టీలుకు 28.8, రాయికి 30.1, బొమ్మకు 32.8 వస్తాయి. అంటే మీ పట్టీ చూపించాల్సిన తేడా స్టీలుకు ఐదు డిగ్రీలు, రాయికి నాలుగు, బొమ్మకు ఒకటి. ఐసు దాకా వెళ్లే పనే లేదు.

మే నెలలో మధ్యాహ్నం ఎండలో ఉన్న సీను అయితే లెక్క తిరగబడుతుంది. వస్తువులు 42 డిగ్రీల దగ్గర, చర్మం 35 దగ్గర ఉంటే స్టీలుకు 41, రాయికి 39.5, బొమ్మకు 36.4 వస్తాయి. బీసెంట్ రోడ్డులో ఎండకు నిలబెట్టిన బండి మీద స్టీలు భాగం చురుక్కుమంటుంది, పక్కనే చెక్క ఊరుకుంటుంది, కారణం ఇదే. మనం భద్రత కోసం 40 దగ్గర ఆపేస్తాం కాబట్టి స్టీలుకూ 40 ఇచ్చి సరిపెట్టుకోవాలి.

ఈ లెక్క తాకిన మొదటి క్షణాలకే వర్తిస్తుంది. ఖాళీ గ్లాసు పలచటి రేకు, దాన్ని పట్టుకుంటే కొన్ని సెకన్లలోనే చేతి వేడికి వచ్చేస్తుంది. మజ్జిగ నిండుగా ఉన్న గ్లాసు అలా కాదు, చల్లదనం నిలబడుతుంది. కాబట్టి ఖాళీ గ్లాసుకు ఐదు డిగ్రీలు దించి మెల్లగా పైకి తీసుకురండి, నిండు గ్లాసుకు దించినచోటే ఉంచండి. గ్లాసు నిండుగా ఉందో లేదో కళ్లు మూసుకున్న మనిషికి కూడా తెలిసేది ఈ తేడాతోనే. ఈ ఒక్కటి బాగా కుదిరితే చూసేవాళ్ల ముఖంలో మార్పు కనిపిస్తుంది.

మూడో అడుగు: సామాను

- టీఈసీ1-12703 పెల్టియర్ ఒకటి, 30 మిల్లీమీటర్ల చదరం. ఎక్కడ పడితే అక్కడ దొరికే 12706 వద్దు. దానికి కరెంటు ఎక్కువ కావాలి, వేడి ఎక్కువ వదులుతుంది, చేతికి భారం.
- 40 మిల్లీమీటర్ల అల్యూమినియం హీట్ సింక్, దాని మీదకు 5 వోల్టుల ఫ్యాన్.
- ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం పలక, 30 మిల్లీమీటర్ల చదరం.
- 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ థర్మిస్టర్లు (వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే పూసలు) రెండు, బీటా విలువ 3950, వాటికి జోడీగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు. వీలైనంత చిన్న పూస ఉన్నవి తీసుకోండి.
- ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాము నడిపే, వైఫై ఉన్న చిన్న బోర్డు).
- పెల్టియర్ నడపడానికి డీఆర్‌వీ8833 మాడ్యూలు.
- 45 డిగ్రీల దగ్గర తెగే కేఎస్‌డీ9700 థర్మల్ స్విచ్, 2 ఆంపియర్ల ఫ్యూజు.
- వేళ్లకు రెండు ఎల్‌ఆర్‌ఏ రకం (తిరగకుండా అటూ ఇటూ కంపించే) బిళ్ల మోటార్లు, వాటిని నడపడానికి రెండు డీఆర్‌వీ2605ఎల్ బోర్డులు.
- 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, థర్మల్ పేస్టు, సిలికాన్ సీలెంట్, వెల్క్రో పట్టీ, నియోప్రీన్ గుడ్డ.

మోటారు డ్రైవర్‌గా ఎల్298ఎన్ చౌకగా కనిపిస్తుంది, కొనకండి. అందులోనే దాదాపు రెండు వోల్టులు పోతాయి, 5 వోల్టుల మీద నడిచే మన పట్టీకి మిగిలేది అంతంతమాత్రం. విడిభాగాల్లో చాలావరకు గవర్నర్‌పేట వైపు షాపుల్లో అడగొచ్చు, ఎల్‌ఆర్‌ఏ మోటార్లు, 2605 బోర్డులు మాత్రం ఆన్‌లైన్లో తెప్పించుకోవడమే సులువు. అల్యూమినియం పలకకు గాడి తీయించాలంటే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపు మేస్త్రీని అడిగినా నిమిషాల్లో చేసిపెడతారు. అంచులు అరగదీయించడం మర్చిపోవద్దు, అది చర్మానికి తగిలే వస్తువు.

నాలుగో అడుగు: పలక కట్టడం

పెల్టియర్‌ను అరచేతిలో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడ పెడితే హీట్ సింక్ అడ్డొచ్చి చెయ్యి మూసుకోదు, హెడ్‌సెట్ కెమెరాలు కూడా చేతిని సరిగ్గా గుర్తుపట్టలేవు. అందుకే దీన్ని ముంజేతి లోపలివైపు, మణికట్టుకు మూడు వేళ్ల వెడల్పు పైన పెట్టండి. చల్లదనం అక్కడ తగిలితే గ్లాసు చల్లగా ఎలా అనిపిస్తుందని అడుగుతారు. చల్లదనం ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడంలో చర్మం అంత కచ్చితమైనది కాదు. రెండు పక్క వేళ్లు వెచ్చటి పలకల మీద, మధ్య వేలు మామూలు పలక మీద ఉంచితే మధ్య వేలికీ వెచ్చగానే అనిపిస్తుందని 1970లలోనే తేల్చారు. కళ్లు గ్లాసు మీద ఉండి, అదే క్షణంలో వేలికి చిన్న తట్టు తగిలితే, ముంజేతి దగ్గరి చల్లదనాన్ని మెదడు చాలావరకు గ్లాసు ఖాతాలోనే వేస్తుంది.

కట్టే వరస ఇది. అల్యూమినియం పలకకు లోపలివైపు సన్నటి గాడిలో ఒక థర్మిస్టర్‌ను పేస్టుతో కూర్చోబెట్టండి. దాని మీద పెల్టియర్, దాని మీద హీట్ సింక్, ఆపైన ఫ్యాన్. రెండు ముఖాలకూ పేస్టు పలచగా, సమంగా రాయాలి, మందంగా పూస్తే వేడికి అడ్డవుతుంది. రెండో థర్మిస్టర్ హీట్ సింక్ మీద. పెల్టియర్ అంచుల చుట్టూ సిలికాన్ సీలెంట్ పూయండి, మన కోస్తా గాలిలో ఇది తప్పనిసరి, ఎందుకో తర్వాత చెబుతాను. థర్మల్ స్విచ్‌ను పలక అంచుకు ఆనించి, పెల్టియర్‌కు వెళ్లే 5 వోల్టుల తీగలోనే వరసగా కలపండి.

పెల్టియర్ నిరోధాన్ని మామూలు మల్టీమీటరుతో కొలవొద్దు. రెండు ముఖాల మధ్య కాస్త తేడా ఉన్నా అది తనే వోల్టేజీ పుట్టించి తప్పు అంకె చూపిస్తుంది. ఈ మోడలుకు నిరోధం మూడు, నాలుగు ఓమ్‌ల మధ్య ఉంటుంది కాబట్టి 5 వోల్టులకు ఒకటిన్నర ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది. అందుకే డీఆర్‌వీ8833లోని రెండు చానెళ్లనూ కలిపి ఒకటిగా వాడండి. పెల్టియర్‌కు, ఈఎస్‌పీ32కు అడాప్టర్ నుంచి వేర్వేరు తీగలు లాగి, గ్రౌండ్ మాత్రం ఒకటిగా కలపండి, కెపాసిటర్ పెల్టియర్ వైపు పెట్టండి. లేకపోతే పెల్టియర్ ఆన్ అయిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంది, కారణం తెలియక టెన్షన్ పడతారు.

థర్మిస్టర్‌ను 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో జోడించి, ఈఎస్‌పీ32లో 32 నుంచి 39 దాకా ఉన్న పిన్నులకే కలపండి. మిగతా అనలాగ్ పిన్నులు వైఫై నడుస్తున్నప్పుడు పనిచేయవు. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, 40 దగ్గర 5.3 రావాలి. థర్మామీటరు పక్కన పెట్టుకుని గోరువెచ్చటి నీళ్లతో ఒకసారి సరిచూసుకోండి, పూసకు ప్లాస్టిక్ చుట్టి ముంచండి.

ఐదో అడుగు: చేతికి కట్టకముందే భద్రత

ఈ అడుగు పూర్తికాకుండా పట్టీని ఎవరి చేతికీ కట్టొద్దు, మీ చేతికి కూడా.

కాలడానికి సలసల కాగే వేడే అక్కర్లేదు. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ చేసిన ప్రయోగాల్లో 44 డిగ్రీల వేడి కూడా ఆరు గంటలపాటు తగిలితే చర్మం కాలింది. అక్కడి నుంచి 51 దాకా ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ సమయం సుమారుగా సగమవుతూ వచ్చింది. అందుకే ప్రోగ్రాములో పలకకు పై హద్దు 40, కింది హద్దు 20 అని గట్టిగా రాయండి. సీను ఏమడిగినా ఈ హద్దు దాటకూడదు.

ప్రోగ్రాములో ఇంకా నాలుగు షరతులు ఉండాలి. థర్మిస్టర్ తీగ తెగినా, షార్ట్ అయినా అంకె అసాధ్యంగా వస్తుంది, వెంటనే పెల్టియర్ ఆపాలి. హీట్ సింక్ 55 దాటితే ఆపాలి. హెడ్‌సెట్ నుంచి అర సెకను పాటు సందేశం రాకపోతే మామూలు స్థితికి రావాలి. ప్రోగ్రామే ఇరుక్కుపోతే బోర్డును రీసెట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ ఆన్‌లో ఉండాలి. వీటన్నిటికీ వెనక కాపలా థర్మల్ స్విచ్. అది మెల్లగా స్పందిస్తుంది కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు, కానీ లేకుండా ఉండొద్దు.

చాలామందికి తట్టని ప్రమాదం ఒకటుంది. చల్లబరుస్తున్నప్పుడు వేడంతా హీట్ సింక్‌లో చేరి ఉంటుంది. కరెంటు తీసేస్తే ఆ వేడి పెల్టియర్ గుండా వెనక్కి, నేరుగా చర్మం మీదికి వస్తుంది. అంటే స్విచ్ ఆపగానే ప్రమాదం పోయినట్టు కాదు. ఆపిన తర్వాత కూడా ఫ్యాన్ ఒక నిమిషం తిరగాలి, పట్టీ ఒక్క లాగుడుకు ఊడిపోయే వెల్క్రోతోనే ఉండాలి. ముడులు, బకిల్స్ వద్దు.

షుగర్ వల్ల చేతుల్లో స్పర్శ తగ్గినవాళ్లకు, పసిపిల్లలకు, చర్మం మీద పుండు ఉన్నవాళ్లకు కట్టొద్దు. వేడి తగిలినట్టు తెలియనివాళ్లు చెయ్యి వెనక్కి తీసుకోరు. మన ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఎక్కువ, సరదాగా తాతయ్యకు చూపిద్దామని అనిపించినప్పుడు ఇది గుర్తుండాలి.

ఆరో అడుగు: వేడి, చల్లదనం అదుపు

మొదట పట్టీని బల్ల మీద పెట్టి, తక్కువ కరెంటుతో మూడు సెకన్లు నడిపి ఏ దిశలో పలక చల్లబడుతుందో చూసుకోండి. హీట్ సింక్ లేకుండా ఒక్క సెకను కూడా నడపొద్దు.

తర్వాత పీఐ నియంత్రణ రాయండి, అంటే తేడా ఎంత ఉందో, ఎంతసేపుగా ఉందో చూసి కరెంటు మార్చే పద్ధతి. ప్రతి 50 మిల్లీసెకన్లకు పలక ఉష్ణోగ్రత చదవండి. ఒక్కో రీడింగుకు పదహారు విలువల సగటు తీసుకుంటే అంకె గెంతులు వేయదు. కావలసిన దానికీ ఉన్నదానికీ మధ్య ప్రతి డిగ్రీ తేడాకూ 20 శాతం కరెంటుతో మొదలుపెట్టండి. వేడి దిశలో దీన్ని సగానికి తగ్గించండి, ఎందుకంటే పెల్టియర్‌లో కరెంటు వల్ల పుట్టే సొంత వేడి కూడా అటే కలుస్తుంది, చల్లబరచడం కంటే వేడెక్కించడం చాలా త్వరగా జరుగుతుంది. పీడబ్ల్యూఎం (కరెంటును చకచకా ఆన్, ఆఫ్ చేసి ఎంత కావాలంటే అంతే ఇచ్చే పద్ధతి) కొన్ని కిలోహెర్ట్జ్‌ల వేగంలో ఉండాలి. సెకనుకు ఒకసారి పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ చేసే పద్ధతి పెల్టియర్ ఆయుష్షును తినేస్తుంది.

ఆటకు ముందు మామూలు స్థితి పట్టుకోండి. పట్టీ కట్టి రెండు నిమిషాలు పెల్టియర్ ఆపి ఉంచండి, పలక ఎక్కడ నిలబడితే అదే ఆ మనిషి చర్మానికి సున్నా. ఏసీ గదిలోంచి వచ్చినవాళ్లకూ, ఎండలో బండి నడుపుకుంటూ వచ్చినవాళ్లకూ ఇది రెండు, మూడు డిగ్రీలు తేడాగా ఉంటుంది. మీ సీనులో అంకెలన్నీ ఈ సున్నా నుంచి ఎంత పైకి, ఎంత కిందికి అన్నట్టే ఉండాలి. స్థిరంగా 29 డిగ్రీలు అని రాసుకుంటే ఒకరికి చల్లగా, ఇంకొకరికి ఏమీ లేనట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆ కిటుకు. చల్లదనం చాలాసేపు నిలవాలంటే పలకను అలాగే చల్లగా ఉంచితే రెండు నష్టాలు: చర్మం అలవాటుపడిపోతుంది, హీట్ సింక్ వేడెక్కిపోతుంది. దాని బదులు సెకనుకు ఒకటి, రెండు డిగ్రీల వేగంతో చప్పున దించండి. తర్వాత సెకనుకు 0.1 డిగ్రీ కన్నా నెమ్మదిగా పైకి తీసుకురండి, మళ్లీ చప్పున దించండి. దిగడం బాగా తెలుస్తుంది, ఎక్కడం అంతగా తెలియదు. మనిషికి మాత్రం చల్లదనం వస్తూనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇదే ఉపాయం ఇంకోచోట కూడా పనికొస్తుంది: గ్లాసు వైపు చెయ్యి వెళ్తుందని ముందే తెలిస్తే, పలకను తెలియకుండా ఒక డిగ్రీ వెచ్చబెట్టి ఉంచండి. తాకగానే దించినప్పుడు ఆరు డిగ్రీల తేడా వస్తుంది.

ఏడో అడుగు: స్పర్శ

బొటనవేలు, చూపుడువేలు కొనల మీద ఒక్కో ఎల్‌ఆర్‌ఏ బిళ్ల, మెత్తటి గుడ్డ తొడుగులో. మొబైల్ రిపేరులో దొరికే పాత రకం తిరిగే మోటార్లు కదలడానికే 50 మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటాయి, తట్టు ఆలస్యంగా తగులుతుంది. ఎల్‌ఆర్‌ఏ దాదాపు 200 హెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది. చర్మం లోపల కంపనాన్ని పట్టే పసీనియన్ కణికలు 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్యే బాగా స్పందిస్తాయి, అందుకే చిన్న బిళ్ల అయినా గట్టిగా తెలుస్తుంది.

డీఆర్‌వీ2605ఎల్ చిప్పులో 123 రకాల కంపనాలు ముందే ఉంటాయి. రెండు బోర్డులకూ చిరునామా ఒకటే, మార్చడానికి వీల్లేదు. ఒకే తీగ మీద పెడితే రెండూ ఒకేసారి కదులుతాయి. ఈఎస్‌పీ32లో రెండు ఐ2సీ దారులు (బోర్డులతో మాట్లాడే తీగల జతలు) ఉన్నాయి, ఒక్కో బోర్డును ఒక్కోదానికి కలిపితే సరి.

స్టీలు గ్లాసుకు పదునైన చిన్న తట్టు, దాని వెనక 60, 80 మిల్లీసెకన్ల సన్నటి కంపనం. కొండపల్లి బొమ్మకు వెంటనే ఆగిపోయే మొద్దు తట్టు. స్పర్శ మీద పరిశోధించే అలిసన్ ఒకమురా, ఆమె సహచరులు చూపించినట్టు, వస్తువును తట్టినప్పుడు పుట్టే కంపనం త్వరగా చచ్చిపోయే అల, అది కంపించే వేగం, చచ్చిపోయే వేగం కలిసి చెక్కనూ లోహాన్నీ వేరుచేస్తాయి. ఎల్‌ఆర్‌ఏ ఒకే వేగంలో కంపిస్తుంది కాబట్టి మనకు బలం, నిడివి మాత్రమే చేతిలో ఉంటాయి. ఇంకా సహజంగా కావాలంటే మ్యాక్స్98357 ఆంప్లిఫయర్‌తో చిన్న వాయిస్ కాయిల్ నడపండి, కానీ మొదటి పట్టీకే అది పెట్టుకోవద్దు.

రాతి గరుకుదనానికి కంపనాన్ని కాలంతో కాదు, వేలు జరిగిన దూరంతో ముడిపెట్టండి. వేలు ప్రతి రెండు మిల్లీమీటర్లు జరిగినప్పుడు ఒక చిన్న తట్టు. మెల్లగా రాస్తే మెల్లగా, జోరుగా రాస్తే జోరుగా తగులుతాయి, చెయ్యి ఆపితే ఆగిపోతాయి. కాలంతో ముడిపెట్టిన కంపనం ఫోను మోగినట్టు ఉంటుంది, దూరంతో ముడిపెట్టినది రాయిలా ఉంటుంది.

ఎనిమిదో అడుగు: హెడ్‌సెట్‌తో కలపడం

క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్‌లో కంట్రోలర్లు పక్కనపెట్టి చేతుల్నే గుర్తించే పద్ధతి ఆన్ చేసుకోండి. వీఆర్ సీన్లు కట్టే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వస్తువుకూ మూడు విలువలు తగిలించండి: ఎఫ్యూజివిటీ, ఉష్ణోగ్రత, తట్టు రకం. చెయ్యి తాకినప్పుడు ఈ మూడింటినీ యూడీపీ సందేశంగా ఒకే రూటర్ మీదున్న ఈఎస్‌పీ32కు పంపండి. టీసీపీ వద్దు, పోయిన సందేశం కోసం ఆగి ఆలస్యం చేస్తుంది. తాకుతున్నంతసేపు సెకనుకు ఇరవైసార్లు పంపుతూ ఉంటే ఒకటి, రెండు పోయినా ఫరవాలేదు, ఐదో అడుగులోని అర సెకను కాపలా కూడా పనిచేస్తుంది.

చెయ్యి సెకనుకు అర మీటరు వేగంతో వస్తోందనుకోండి. మొత్తం మీద 40 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే, తట్టు తగిలేసరికి వేలు వస్తువులోకి రెండు సెంటీమీటర్లు దూరిపోయి ఉంటుంది. అందుకే తాకిడి హద్దును కంటికి కనిపించే ఆకారం కన్నా ఒక సెంటీమీటరు బయటికి పెట్టండి, వేగంగా వచ్చే చేతికి ఇంకాస్త బయటికి. ఉష్ణోగ్రతకు ఇంకో పెద్ద హద్దు కావాలి. పైన చెప్పిన వెచ్చబెట్టడానికి పది సెకన్లకు పైగా పడుతుంది కాబట్టి అది మనిషి గ్లాసు ఎదుటికి రాగానే మొదలవ్వాలి, తాకడానికి ఒక పావు సెకను ముందే దించడం మొదలవ్వాలి. వేడి, చల్లదనం మెదడుకు చేరడమే కాస్త నెమ్మది, అందుకే ఈ ముందడుగు మోసంలా అనిపించదు.

తొమ్మిదో అడుగు: నీళ్లలో చెయ్యి పెట్టే సీను

పై మూడు వస్తువులూ బాగా పనిచేశాక ఇది చేసి చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. దుర్గా ఘాట్ మెట్ల మీద కూర్చుని కృష్ణ నీళ్లలో చెయ్యి ముంచే సీను. మనిషి చర్మంలో తడిని పట్టే గ్రాహకం అంటూ లేదు. చల్లదనం, మెత్తటి ఒత్తిడి, జారుడు కలిపి మెదడే తడి అని తేల్చుకుంటుంది. అందుకే పొడి పలకతో కూడా తడి అనిపించొచ్చు. చెయ్యి నీటిమట్టం దాటిన క్షణంలో నాలుగు డిగ్రీలు చప్పున దించండి, వేళ్ల దగ్గర గట్టి తట్టు ఇవ్వకుండా చాలా సన్నగా పెరిగి తగ్గే కంపనం ఇవ్వండి. పట్టీ లోపల నియోప్రీన్ కాస్త బిగువుగా ఉంటే ఇంకా బాగా కుదురుతుంది. చెయ్యి బయటికి తీసినప్పుడు వెంటనే మామూలుకు రాకండి, తడి చేతికి గాలి తగిలినట్టు ఇంకో అర డిగ్రీ దించి, ఆపైన మెల్లగా వదలండి.

పదో అడుగు: మన వాతావరణానికి సర్దుబాట్లు

పెల్టియర్ చలిని తయారుచెయ్యదు, వేడిని ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మోస్తుంది. మోసిన వేడి గాల్లోకి పోవాలి. గది 40 దగ్గర ఉంటే హీట్ సింక్ 50కి చేరుతుంది, అప్పుడు పలకను 28కి దించడమే కష్టం. మేలో ఏసీ లేని గదిలో డెమో పెట్టాల్సి వస్తే చల్లటి సీన్లు తగ్గించి ఎండ సీను చూపించండి, లేదా పొద్దున్నే పెట్టుకోండి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో సమస్య వేరు. గాల్లో తేమ ఎక్కువ, పలక 24, 25కి దిగితే దాని మీద నీటి బిందువులు పడతాయి. నాలుగో అడుగులో సీలెంట్ తప్పనిసరి అన్నది ఇందుకే. పెల్టియర్ లోపలికి తేమ దూరితే అతుకులు తుప్పుపట్టి కొన్ని నెలల్లో పాడవుతుంది. ఆ నెలల్లో కింది హద్దును 20 నుంచి 26కి పెంచుకోండి, సీన్లకు అది చాలు.

పదకొండో అడుగు: వేరేవాళ్లతో పరీక్ష

మీకు ఏ వస్తువు ఎక్కడుందో తెలుసు కాబట్టి మీ మాట లెక్కలోకి రాదు. ఇంట్లోవాళ్లను, హాస్టల్లో స్నేహితుల్ని పిలవండి. మొదట హెడ్‌సెట్ లేకుండా, కళ్లు మూయించి, స్టీలు, రాయి, చెక్క సంకేతాలు వరస మార్చి ఇవ్వండి. ఏదో చెప్పమనండి, రాసుకోండి. రాయినీ స్టీలునూ కలగలిపేస్తే అది మామూలే, వాటి మధ్య తేడా ఒక్క డిగ్రీ. అప్పుడు స్టీలు దిగే వేగం పెంచండి, లోతు పెంచకండి. చెక్కను కూడా చల్లగా ఉందంటే మీ సున్నా తప్పింది, మళ్లీ రెండు నిమిషాలు పట్టండి.

తర్వాత హెడ్‌సెట్‌తో అదే పరీక్ష. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న "చల్లగా ఉందా" అని కాదు, అలా అడిగితే అందరూ ఉందనే అంటారు. "గ్లాసులో ఏముందనుకుంటున్నావు, ఎంత నిండుగా ఉంది" అని అడగండి. గ్లాసు మీద నీటి బిందువులు గీసినప్పుడు, గీయనప్పుడు జవాబులు ఎలా మారతాయో చూడండి. కంటికి బిందువులు కనిపిస్తే మూడు డిగ్రీల తేడానే ఐదులా చెబుతున్నట్టయితే, ఆ రెండు డిగ్రీలు తగ్గించేసి హీట్ సింక్‌కు ఊపిరి తీసుకునే వీలివ్వండి.

ఒకరి నుంచి ఇంకొకరికి మార్చేటప్పుడు పలకను స్పిరిట్ దూదితో తుడిచి, హీట్ సింక్ 35 కిందికి వచ్చేదాకా ఫ్యాన్ నడిపి, కొత్త మనిషి సున్నా మళ్లీ పట్టుకోండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు మించనివ్వకండి. పట్టీ తీశాక చర్మం మీద ఎర్రదనం అరగంటలో పోకపోతే ఆ మనిషికి మళ్లీ కట్టొద్దు, మళ్లీ ఎవరికైనా కట్టేముందు పై హద్దును 38కి దించండి.